నడిమి గట్టు

పెద్ద ఆసామి వావచ్చన్ ముతలాళి మనుషులు ఇద్దరు పడవ దిగి కొచ్చుపాడం పంపు షెడ్డులోకి వెళ్లారు. మోటారు ఆపారు. తోలు బెల్టు ఊడదీసి, చాపలా చుట్టి భుజాన వేసుకుని మళ్లీ పడవెక్కారు. ఇంతా చేయడానికి వాళ్లకు ఒక బీడీ కాలినంత సేపు కూడా పట్టలేదు.

కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్లు పద్నాలుగు మంది గట్టు మీద నిలబడి చూశారు. పంపు హోరు ఆగిపోయేసరికి వాళ్ల చెవులకు ఏదో పోగొట్టుకున్నట్టయింది. రాత్రీ పగలూ వినీ వినీ ఆ హోరుతోనే నిద్రపోయే మనుషులు వాళ్లు.

"ఏయ్ తొమ్మీ! ఆ బెల్టు ఎక్కడికిరా?" అని కార్త్యాయని గట్టు వెంట పరిగెత్తింది.

"మున్నూరులో బెల్టు తెగిపోయింది చేచ్చీ. ముతలాళి పట్రమ్మన్నాడు."

"పట్రమ్మంటే పట్టుకుపోతావా? మా మొలక వయసెంతో తెలుసా నీకు? ఇరవై రెండు రోజులు! సాయంత్రానికి నీళ్లు దాని మెడ దాకా వస్తాయి!"

తొమ్మి అక్కా అన్నట్టు చేచ్చీ అన్నాడే గాని ఆమె మొహం చూడలేదు. గెడ వేసి పడవను నెట్టుకుంటూ, "నాకేం తెలుసు చేచ్చీ, నేను జీతగాణ్ణి" అన్నాడు.

కుట్టనాడులో పొలం కింద ఉంటుంది, నీళ్లు పైన ఉంటాయి. గట్టు మీద నిలబడ్డవాడికి ఒక పక్క కాలవ మోకాలి దగ్గర, ఇంకో పక్క పైరు నిలువెత్తు లోతున కనిపిస్తాయి. వానలు వెనకబట్టాక పెట్టె పంపు పెట్టి నీళ్లు తోడితేనే పొలం బయటపడుతుంది. పంట చేతికొచ్చేదాకా ఆ పంపు తిరుగుతూనే ఉండాలి. రెండు రోజులు ఆగితే పైరు మునుగుతుంది. నాలుగు రోజులు మునిగితే కుళ్లుతుంది. ఒకే గట్టు లోపల ఉన్న పొలాలన్నీ కలిపి ఒక పాడం. పాడానికో కమిటీ, పాడానికో పంపు, పాడానికో వేలం.

అక్కడ ఒకదానికొకటి ఆనుకుని మూడు చిన్న పాడాలు ఉన్నాయి. అన్నిటికన్నా పల్లంలో ఉన్నది కొచ్చుపాడం. దాని పక్కన కాస్త మెరకగా వడక్కేపాడం, ఆ పక్కన తెక్కేపాడం. మూడూ కలిపినా నూటనలభై ఎకరాలు లేవు. కాలవకు అవతల మున్నూరు. పేరుకు తగ్గట్టే మూడొందల ఎకరాలు. అది వావచ్చన్ ముతలాళిది. భూసంస్కరణ చట్టం వచ్చి పదేళ్లు దాటినా అది ఆయనదే. కాకపోతే కాగితాల మీద బావమరుదుల పేర, వంటమనిషి పేర, ఎప్పుడో కన్నుమూసిన మేనత్త పేర ఉంది. మూడు చిన్న పాడాల పంపుల కాంట్రాక్టూ ఆయనదే. వేలానికి ఇంకెవరైనా వస్తే వాళ్ల పడవలకు చిల్లులు పడేవి.

కార్త్యాయనికి కొచ్చుపాడంలో ముప్పాతిక ఎకరం ఉంది. అది తిండికి చాలదు కాబట్టి ఇతరుల పొలాల్లో కూలికి కూడా పోతుంది. కొచ్చుపాడం కమిటీ కార్యదర్శి ఆమే. ఆ పదవి ఆమెను వెతుక్కుంటూ వచ్చిందేమీ కాదు. ముతలాళితో మాట్లాడాల్సిన పని గనక మగవాళ్లంతా తలో సాకూ చెప్పి తప్పుకుంటే, ఏడో తరగతి చదివిన ఆడది దొరికింది.

ఆమె పడవ కట్టించుకుని మున్నూరు వెళ్లింది. ముతలాళి పంపు షెడ్డు వసారాలో వాలుకుర్చీలో ఉన్నాడు. ఆయన వెనక కొచ్చుపాడం బెల్టు మున్నూరు మోటారు మీద గిరగిరా తిరుగుతోంది. పెట్టె మూతి నుంచి ఏనుగు నడుమంత లావున నీళ్లు కాలవలోకి దూకుతున్నాయి.

"ముతలాళీ, మా బెల్టు."

"నీ బెల్టా? కాంట్రాక్టు నాది, పంపు నా చేతిలోది. మీ ముప్పై ఎనిమిది ఎకరాల కోసం నా మూడొందలూ ముంచుకోమంటావా కార్త్యాయనీ?"

"మీరు తోడి పోసే నీళ్లతో కాలవ నిండిపోతోంది. అది మా గట్టులోంచి ఊరి మా పైరు మీదికే వస్తోంది. పైగా మా బెల్టుతో!"

"గట్టు మీద బాగా మట్టి వేసుకోండి మరి." ముతలాళి నవ్వాడు. "ఎన్ని గంటలు తిప్పాలో వేలం కాగితంలో రాసి లేదు. చదువుకున్నదానివంటగా, తీసి చదువుకో."

* * *

మర్నాడు పొద్దున్న మూడు పాడాలవాళ్లూ తాలూకా ఆఫీసుకు మూడు పడవల్లో వెళ్లారు. ఒకే కాలవ, ఒకే వేళ, ఒకే ఆఫీసు. పడవలు మాత్రం మూడు! కొచ్చుపాడం పడవ ముందు పోతుంటే వడక్కేపాడం పెద్దమనిషి పాత్రోసు తన పడవను ఉద్దేశపూర్వకంగా వెనక్కి లాగించాడు, వాళ్లతో కలిసి వచ్చాడని ఎవరైనా అనుకుంటారేమోనని. తెక్కేపాడం వాళ్లు ఇద్దరి వెనకా వచ్చారు. వాళ్లెప్పుడూ అంతే.

పాత్రోసుకూ కార్త్యాయనికీ ఆరేళ్లుగా మాటల్లేవు. ఆరేళ్ల కిందటి వరదలో వడక్కేపాడం మునిగిపోతుంటే పాత్రోసు మనుషులు రెండు పాడాల నడిమి గట్టును నరికి తమ నీళ్లను కొచ్చుపాడంలోకి వదిలేశారు. కార్త్యాయని గుడిసె, ఈనిక దగ్గరపడ్డ ఆవు, పండిన పైరు మొత్తం ఆ నీళ్లలోనే పోయాయి. ఆవు మర్నాడు కూడా కట్టుతాడుతోనే తేలింది. అది ఆమె మరిచిపోలేదు.

ఆఫీసరు మూడు అర్జీలూ చదివి కళ్లజోడు తీశాడు.

"మూడు అర్జీల్లోనూ ఒకటే ఏడుపు. బెల్టు పట్టుకుపోయాడు, పంపు ఆపేశాడు, తిప్పమంటే తిప్పడు. మీ పాడాలు మరీ చిన్నవమ్మా. చిన్నవాటికి సొంత మోటారు ఎప్పటికీ రాదు. కలిసిపొండి. అందరి పొలాల చుట్టూ ఒకే వెలిగట్టు, ఒకే పంపు, ఖర్చు ఎకరాల లెక్కన పంచుకోవడం. దానికి సర్కారు పథకం ఉంది. కొత్త మోటారు కూడా ఇస్తారు."

కార్త్యాయని మనసులో ఏదో వెలిగినట్టయింది. "నిజంగానా సార్?"

"నిజమే. మీ మూడూ, మున్నూరూ కలిపి ఒకే సంఘం."

"మున్నూరు దేనికి?"

"అది మీ పక్కనే ఉందిగా. పథకంలో ఉంది, కాలవ చుట్టూ ఉన్నవన్నీ కలవాలి."

"మరి కమిటీ?"

"ఎకరానికో ఓటు."

ఆ వెలిగింది అక్కడికక్కడే ఆరిపోయింది. నూటనలభై ఒక వైపు, మూడొందలు ఒక వైపు. ఇక లెక్క పెట్టడానికి వేళ్లు కూడా అక్కర్లేదు. పిల్లి మెడలో గంట కట్టమని ఎలుకలు అర్జీ పెట్టుకుంటే, పిల్లినే అధ్యక్షుణ్ణి చేసుకోమన్నట్టుంది.

"మేం మూడే కలుస్తాం. మనిషికో ఓటు" అంది కార్త్యాయని.

"అలాంటిది రూల్సులో లేదమ్మా."

మెట్లు దిగుతూ పాత్రోసు ఎవరికో చెబుతున్నట్టు గాలిలోకి అన్నాడు: "మూడే కలుస్తాం అంట! మమ్మల్ని అడిగారా? మా పాడం మెరక. మా పంపు సగం రోజు తిరిగితే చాలు. పల్లపువాళ్ల నీళ్లకి మేం డబ్బు కట్టాలా?"

కార్త్యాయని కూడా గాలిలోకే అంది: "మెరకవాళ్ల నీళ్లు ఆరేళ్ల కిందట ఎటు పోయాయో కొందరు మరిచిపోయారు."

పడవలు మూడూ విడివిడిగానే ఇంటికొచ్చాయి.

* * *

అయినా మీటింగు పెట్టక తప్పలేదు. అప్పటికి బెల్టు పోయి మూడు రోజులైంది, కొచ్చుపాడంలో మొలక కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. గ్రంథాలయం హాల్లో బల్లలు వేశారు. పట్టా ఉన్నవాళ్లు బల్లల మీద కూర్చున్నారు. పట్టాలేని కూలీలు, ఏ పాడంలో పని దొరికితే ఆ పాడంలో చేసేవాళ్లు, బయట మెట్ల మీద కూర్చున్నారు. అలా కూర్చోమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కార్త్యాయని తాను అనుకున్నది చెప్పింది. మూడు పాడాలకూ ఒకే సంఘం. మున్నూరు వద్దు. మూడు పాత మోటార్లలో పనికొచ్చే రెంటిని బాగుచేయించి, అందరికన్నా పల్లంలో ఉన్న మూలన పెట్టి మనమే తిప్పుకుందాం. నడిమి గట్లకు తూములు కొడితే మెరక నీళ్లు వాటంతటవే పల్లానికి వస్తాయి. మూడు గట్ల మీద పోసే మట్టి ఒక్క వెలిగట్టు మీద పోసుకోవచ్చు. ముతలాళితో పని ఉండదు.

చెప్పి ఊపిరి పీల్చుకుందో లేదో, మొదట ఎదురుతిరిగింది ఆమె సొంత పాడంవాళ్లే.

"మెరక నీళ్లన్నీ మన నెత్తికి తెస్తానంటావేంటే? పంపు ఆగితే ముందు మునిగేది మనం! ఒకసారి మునిగింది చాలలేదా?"

"అదే మేమూ అంటున్నాం" అన్నాడు పాత్రోసు బల్ల మీంచి లేచి. "వాళ్లకి ఇష్టం లేదు, మాకూ ఇష్టం లేదు. మా గట్టు మా నాన్న పోసిన గట్టు. రాయిలా ఉంది. వాళ్ల గట్టు చూడండి, ఎండ్రకాయలు కాపురాలు పెట్టాయి. ఆ గట్టుకి మేమెందుకు మట్టి మొయ్యాలి?"

"మీ గట్టు రాయి అయితే ఆరేళ్ల కిందట మా గట్టు నరికారెందుకు?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"నరక్కపోతే చావమంటావా?"

"చావాల్సింది!"

బల్లలు కిర్రుమన్నాయి. ఇద్దరు ముగ్గురు లుంగీలు ఎగగట్టారు. తెక్కేపాడం పెద్దాయన నడుమకు వచ్చి చేతులు చాచి, "మిగతా రెండు పాడాలూ ఏమంటే మాకూ అదే" అన్నాడు. మిగతా రెండు పాడాలూ ఆయన్ని కూర్చోమన్నాయి.

కార్త్యాయని గొంతు పోయేదాకా అరిచింది. "తాళం! తాళం సంగతి వినండి! అందరి నీళ్లూ పల్లానికి వచ్చేటప్పుడు పంపు షెడ్డు తాళం కూడా పల్లంవాళ్ల దగ్గరే ఉంటుంది. ఎవరి పొలం ముందు మునుగుతుందో వాళ్ల చేతిలోనే తాళం. అప్పుడు పంపు ఎందుకు ఆగుతుంది?"

ఆ మాటలో ఏదో న్యాయం ఉన్నట్టు అందరికీ తోచింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి కుంజిపెణ్ణు లేచింది. ఆమె మొగుడు తేవన్ ఆ చుట్టుపక్కల మట్టి తవ్వేవాళ్లలో మొనగాడు. నీళ్ల అడుగుకు మునిగి, గుక్క తిప్పుకోకుండా బంకమట్టి పెళ్ల ఎత్తుకొచ్చేవాడు. ఏ గట్టు చూసినా అందులో అతని ఊపిరి కొంత ఉంటుంది. వాళ్లకు ఉన్నది వెలిగట్టు మీద ఒక గుడిసె.

"నాకో మాట చెప్పండి. పంపు ఆగితే మీకు పంట పోద్ది. మాకు ఆ పొద్దుటి గంజే పోద్ది. మూడు రోజుల్నుంచి మాకు పనుల్లేవు. మరి ఈ సంఘంలో మా చెయ్యి లేస్తదా, లేదా?"

"పట్టా లేనోళ్లకి పాడం సంగతేంటి?" అన్నాడు, కూలీలంతా మాప్లా అని పిలిచే పాత్రోసు.

"పట్టా నీది, మట్టి మాది మాప్లా. మేం మొయ్యని మట్టి నీ గట్టులో ఎంతుందో చూపించు."

హాలంతా మళ్లీ లేచింది. ఈసారి కొచ్చుపాడం, వడక్కేపాడం ఒకే వైపున అరిచాయి. కూలోళ్లకి ఓటిస్తే రేపు కూలి రేట్లు వాళ్లే రాసుకుంటారని అరిచాయి. మూడు పాడాలూ కలిసింది ఆ ఒక్క మాట దగ్గరే.

కార్త్యాయని తల పట్టుకుంది. "కుంజిపెణ్ణూ, అది తర్వాత చూద్దాం. ముందు మూడూ కలవనీ."

"తర్వాతా?" కుంజిపెణ్ణు నవ్వింది. "ఈ మాట మా అమ్మమ్మ కూడా వినే పోయింది." తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. మెట్ల మీదున్న వాళ్లంతా ఆమె వెంట లేచిపోయారు.

మీటింగు ఏమీ తేలకుండానే ముగిసింది. ఖాళీ బల్లల మధ్య కార్త్యాయని ఒక్కతే నిలబడింది. ముతలాళి మీద వచ్చిన కోపం కన్నా తన వాళ్ల మీద వచ్చిన కోపం ఎక్కువగా ఉంది. అంతకన్నా ఎక్కువ కోపం 'తర్వాత' అన్న తన నోటి మీద వచ్చింది. రోజూ ఆ మాట తనకు చెప్పేది ముతలాళి. ఇవాళ తాను ఇంకొకరికి చెప్పింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం వృశ్చిక మాసపు పోటు వచ్చింది. ఏటా ఆ రోజుల్లో సముద్రం కాలవల్లోకి ఎక్కుతుంది. సముద్రం వైపు నుంచి పోటు, పక్క నుంచి మున్నూరు పంపు పోసే నీళ్లు. కాలవ గట్టు అంచుకు వచ్చింది. వడక్కేపాడం వైపు నుంచి పెద్దగా కూతలు వినిపించాయి. గండి! పాత్రోసు నాన్న పోసిన, రాయి లాంటి గట్టుకి గండి పడింది.

కొచ్చుపాడంవాళ్లు నడిమి గట్టు మీదికి చేరి చూశారు. రెండు బారల వెడల్పున ఎర్రటి నీళ్లు పైరు మీద పడుతున్నాయి. అవతల పాత్రోసు మనుషులు గడ్డిమోపులు, తలుపు చెక్కలు, మంచపు కోళ్లు దొరికినవి దొరికినట్టు గండిలో పడేస్తున్నారు. నీళ్లు వాటిని పుల్లల్లా ఎత్తుకుపోతున్నాయి.

"మునగనీ" అన్నారు ఎవరో మెల్లగా.

కార్త్యాయని ఆ మాట విన్నది. అన్నవాణ్ణి కసరాలని నోరు తెరిచింది. కానీ ఆమె కళ్ల ముందు ఆవు ఉంది, దాని మెడలో కట్టుతాడు ఉంది. ఒక్క గుక్క ఊపిరి తీసుకున్నంత సేపు ఆమెకూ అదే కావాలనిపించింది. మునగనీ.

"ఏంటి, సినిమా చూస్తున్నారా?" వెనక నుంచి కుంజిపెణ్ణు కేక వేసింది. ఆమె వెనక కూలీల పడవలు వస్తున్నాయి. తేవన్ అప్పటికే పంచె బిగించి ఉన్నాడు. "వడక్కే నిండితే ఆ బరువంతా ఈ నడిమి గట్టు మీదే. రేపు పొద్దుటికి మీరూ పోతారు. నీళ్లకి పాత్రోసు ఎవరో, కార్త్యాయని ఎవరో తెలీదు!"

కార్త్యాయని చెంగు బిగించి పడవెక్కింది. ఆమె ఎక్కాక ఇంకో పది మంది ఎక్కారు. ఆ తర్వాత మిగతా వాళ్లు సిగ్గుపడి ఎక్కారు.

తేవన్ మునిగి మట్టి పెళ్లలు తెచ్చాడు. ఇంకో ఆరుగురు మునిగారు. గుంజలు పాతారు, తడికలు కట్టారు. ఒక అడుగు కట్టితే రెండడుగులు కొట్టుకుపోయింది. కాలవలో నీళ్లు తగ్గితే తప్ప గండి మూయడం మనుషుల వల్ల కాదని తేవన్ నీళ్లలోంచి తల ఎత్తి చెప్పాడు. "పోటు రెండు గంటల్లో వెనక్కి తిరుగుద్ది. అప్పటికి మున్నూరు పంపు ఆగుంటే మూసేస్తాం. తిరుగుతుంటే మూయలేం."

పాత్రోసు తన మనిషిని పంపాడు. మనిషి తిరిగొచ్చాడు. "ముతలాళి ఆపనన్నాడు. గట్టు మీద బాగా మట్టి వేసుకోమన్నాడు."

పాత్రోసు మొహం నల్లబడింది. ఆరేళ్ల తర్వాత అతను కార్త్యాయని వైపు మొదటిసారి తిరిగాడు. పడవ తాడు విప్పాడు.

ఏడు పడవలు మున్నూరు వైపు కదిలాయి. అరవై మంది. ఏ పడవలో ఏ పాడంవాళ్లున్నారో ఈసారి ఎవరూ చూసుకోలేదు.

ముతలాళి వసారాలోంచి లేచాడు. "ఏంటీ దండయాత్ర?"

"నాలుగు గంటలు ఆపండి ముతలాళీ" అన్నాడు పాత్రోసు. అప్పటికి ఇంకా దణ్ణం పెట్టే అడిగాడు. "మీ పైరుకి నాలుగు గంటల్లో ఏమీ కాదు."

"ఇవాళ నాలుగు గంటలు, రేపు ఎనిమిది గంటలు. అందుకే మొదట్నుంచీ చెబుతున్నా, నాతో కలవండని. కలిస్తే ఒకే కమిటీ. అప్పుడు ఎప్పుడు ఆపాలో కమిటీ చెబుతుంది."

"కమిటీ అంటే నువ్వేగా!" అని కార్త్యాయని అరిచింది. జీవితంలో మొదటిసారి ఆయన్ని 'నువ్వు' అంది.

ఆ తర్వాత అక్కడెవరూ దణ్ణం పెట్టలేదు. ముతలాళి "తొమ్మీ, వీళ్లని గెంటరా" అన్నాడు. తొమ్మికి సరిగ్గా అప్పుడే బీడీ కాల్చాలనిపించింది. అగ్గిపెట్టె వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి పోయాడు. ఆడవాళ్లు షెడ్డులోకి జొరబడ్డారు. కార్త్యాయని మీట కిందికి లాగింది. బెల్టు నెమ్మదించి, నెమ్మదించి ఆగింది. కుంజిపెణ్ణు దాన్ని ఊడదీసి, చుట్ట చుట్టి, దాని మీదే కూర్చుంది. నాలుగు గంటలూ లేవలేదు.

పొద్దు వాలేలోగా గండి మూశారు. అయినా వడక్కేపాడంలో మూడో వంతు పైరు బురద కింద పడిపోయింది. కొచ్చుపాడంలో అప్పటికే పల్లపు మడులన్నీ కుళ్లడం మొదలెట్టాయి. గెలిచామని ఎవరూ కేక వేయలేదు.

తెల్లవారి పోలీసు పడవ వచ్చింది. కార్త్యాయనినీ తేవన్‌నీ ఎక్కించుకుని పోయింది. ముతలాళి ఆస్తిలో చొరబాటు, యంత్రం ధ్వంసం, ఇంకా ఏవేవో రాశారు. రెండు రోజుల తర్వాత పాత్రోసు తన పొలం పట్టా పట్టుకొచ్చి ఇద్దరికీ పూచీ ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు అడిగాడు, "ఈవిడ మీకు ఏమవుతుంది?"

పాత్రోసు పట్టా కాగితం మడతపెట్టాడు. "మా గట్టు అవతలావిడ" అన్నాడు.

వస్తుంటే పడవలో అతను కాలవ వైపే చూస్తూ, "తాళం మీ దగ్గరే ఉంచుకోండి. కానీ మా నీళ్లు తీసుకోవాలి" అన్నాడు.

"ఆరేళ్ల కిందట తీసుకున్నాంగా" అంది కార్త్యాయని.

పాత్రోసు తల వంచుకున్నాడు.

* * *

ఆ వారమే నడిమి గట్లను మూడు చోట్ల కొట్టారు. ఆ మట్టినే పడవల్లో మోసి వెలిగట్టు మీద పోశారు. రెండు మోటార్లు బాగుచేసి కొచ్చుపాడం పల్లపు మూలన పెట్టారు. మెరక నీళ్లు మెల్లగా పల్లానికి దిగాయి, పంపు వాటిని కాలవలోకి విసిరింది. కుళ్లగా మిగిలిన పైరు లేచి నిలబడింది. చట్టంలో లేని సంఘం ఒకటి పుట్టింది. రసీదు పుస్తకం లేదు, సీలు లేదు. మనిషికో ఓటు మాత్రం ఉంది.

పట్టా ఉన్న మనిషికి.

రెండో మీటింగులో కార్త్యాయని 'తర్వాత' అనలేదు. కూలీలకూ చెయ్యెత్తే హక్కు ఉండాలని తానే తీర్మానం పెట్టింది. గండి మూసిందెవరు, మున్నూరులో బెల్టు మీద కూర్చుందెవరు అని అడిగింది. అందరూ తలూపారు. తలూపి, ఓడించారు. తీర్మానం వైపు లేచిన చేతులు పదకొండు. పాత్రోసు కూడా ఎత్తలేదు. "ఒక్కొక్కటే కార్త్యాయనీ. అన్నీ ఒకేసారి అంటే ఎట్టా?" అన్నాడు. ఆమెకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. మెట్ల మీద కుంజిపెణ్ణు లేదు. ఆ రోజు ఆమె రాలేదు.

ఆ మీటింగైన నాలుగో రోజు పొద్దున్న సర్కారు లాంచీ వచ్చింది. ఆఫీసరు దిగాడు. ఆయన వెనక ముతలాళి, నలుగురు పోలీసులు. మూడు పాడాలవాళ్లూ గట్టు మీద గుమిగూడారు. కూలీలు అప్పటికే వెలిగట్టు మీద మట్టి పనిలో ఉన్నారు. పారలు పట్టుకుని వాళ్లూ వచ్చారు.

"ఈ నడిమి గట్లు సర్కారు రికార్డులో పాడాల హద్దులు" అన్నాడు ఆఫీసరు. "వాటిని కొట్టడం నేరం. ఇవాళే పూడ్చాలి. పూడ్చకపోతే మూడు పాడాలకూ కరెంటు కనెక్షన్ తీసేస్తారు. కలవాలంటే పథకం ప్రకారం కలవండి, మున్నూరుతో."

"మేం పూడ్చం" అంది కార్త్యాయని.

"మిమ్మల్ని అడగడంలేదు." ఆయన పారలు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగాడు. "ఎవరు వస్తారు? సర్కారు కూలి. రెట్టింపు ఇస్తాం. మధ్యాహ్నంలోగా పని అయిపోవాలి."

పట్టాదారులందరికీ ఒక్కసారే తెలిసింది, తాము ఆపలేని వాళ్లు ఎవరో. రెండు మీటింగుల్లో రానిది ఆ రెండు మాటలకు వాళ్ల బుర్రల్లోకి వచ్చింది. పది రోజులకు పైగా వాళ్ల చేతికి కూలి అందలేదు, ఈ మట్టి పని డబ్బు కూడా పంట వచ్చాకే. ఆ గుడిసెల్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్లయిందో కార్త్యాయనికి తెలుసు. వాళ్లు పార ఎత్తితే ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది?

కుంజిపెణ్ణు ముందుకొచ్చింది. ఆఫీసరును చూడలేదు. ముతలాళిని చూడలేదు. పార కర్ర మీద రెండు చేతులూ ఆనించి, పాడాలవాళ్ల వైపు తిరిగి నిలబడింది.

"చెప్పండి. రెట్టింపు కూలంట. వెళ్లమంటారా?"

ఆమె పార మొనను గట్టు మట్టిలోకి గుచ్చింది.

"మీటింగులో పదకొండు చేతులు లేచాయంట. నేను లేను, విన్నాను. ఇప్పుడు నా కళ్లతో చూస్తాను. మా చెయ్యి లేస్తదా, లేదా?"

"ఇదేంటి, ఇక్కడ మీటింగేంటి?" అని ఆఫీసరు చిరాకుపడ్డాడు. "ఈ చేతులెత్తుడు దేనికీ చెల్లదు!"

కార్త్యాయని చెయ్యి ఎత్తింది. ఆమె పక్కనున్న కలుపుకి కూడా పోయే అరెకరం ముక్కల ఆడవాళ్లు ఎత్తారు. తెక్కేపాడం పెద్దాయన ఈసారి ఎవరినీ చూడకుండానే ఎత్తాడు. వడక్కేపాడం వైపు ఒకటి, రెండు, ఆ పైన లెక్కకు అందలేదు. చివరికి చేతులు కట్టుకుని నిలబడ్డవాడు పాత్రోసు ఒక్కడే. కుంజిపెణ్ణు చూపు అతని మీదే ఉంది. అతను నేల చూశాడు, మోచేతి దాకా బురద పట్టిన తేవన్‌ను చూశాడు, ముతలాళి పెదాల మీద చిరునవ్వును చూశాడు.

"ఎత్తానే! చూడు, ఎత్తాను! ఇంక చాలా?" అని అరిచాడు, కోపంగా, రెండు చేతులూ ఎత్తి.

"ఒకటి చాల్లే మాప్లా" అంది కుంజిపెణ్ణు.

ఆమె నడిమి గట్టుకు కొట్టిన గండిలోకి దిగింది. తేవన్ దిగాడు. పారలు పట్టుకున్న వాళ్లంతా ఒకరి వెనక ఒకరు మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. ఆఫీసరు తృప్తిగా తలూపి పోలీసులతో ఏదో అన్నాడు. లాంచీ డ్రైవరు ఇంక బయల్దేరొచ్చనుకుని ఇంజిను తాడు అందుకున్నాడు.

కుంజిపెణ్ణు పార ఎత్తి నడిమి గట్టు అంచున దించింది. పెద్ద పెళ్ల ఊడింది. దాన్ని గండిలో వేయలేదు. తిరిగి, వెలిగట్టు వైపు ఆగి ఉన్న మట్టి పడవలోకి విసిరింది. గండి ఒక అడుగు వెడల్పయింది.

"ఏయ్!" అన్నాడు ఆఫీసరు.

రెండో పార కూడా పడవలోనే పడింది.